స్టాకు రిజిస్టరులో మేనల్లుడు

మొదట్లో గ్రంధి నాగభూషణం చేతిలో ఉన్నవి ఇవి: ఆరడుగుల తొమ్మిదంగుళాల మేనల్లుడు ఒకడు, వయసు పంతొమ్మిది. గీతలరిగి బోడిగా తయారైన బాస్కెట్‌బాల్ ఒకటి. ఫిలోమినా అనే కోచ్ రాసిన ఉత్తరం ఒకటి. తణుకులో పాత సామాన్ల గోడౌను ఒకటి. నిచ్చెన లేదు. మేనల్లుడు మణిదీప్ గోడౌనులో అడుగుపెట్టిన వారానికే, పై అరల్లోంచి సామాను దించడానికి ఇక నిచ్చెన దేనికని, దాన్ని కూడా ఆయన పాత ఇనుము కింద తోసేశాడు.

నాగభూషణానిది ముప్ఫై ఏళ్ల వ్యాపారం. ప్రభుత్వ ఆఫీసులు పనికిరావని తేల్చి వేలం వేసే బల్లలు, బీరువాలు, ఫ్యాన్లు కొంటాడు. వాటిలో పనికొచ్చేవి ఏరి అమ్ముతాడు. ఏ వస్తువునైనా ఒకసారి ఎత్తి చూసి, ఒకసారి వేలితో కొట్టి విని, అది ఎందుకు పనికొస్తుందో చెప్పేస్తాడు. మేనల్లుణ్ణి కూడా అలాగే చూశాడు. మున్సిపల్ గ్రౌండులో నలుగురు కుర్రాళ్లు ఒకేసారి మీద పడితే వాడు కదల్లేదు. బంతిని నెత్తి మీద పట్టుకుని, అటూ ఇటూ చూసి, ఎవరికివ్వాలో వాడికే ఇచ్చాడు.

‘వీడికి తొందర లేదు’ అనుకున్నాడు నాగభూషణం. తొందర లేనివాడు ఎంత దూరం పోతాడో వ్యాపారికి వేరే చెప్పక్కర్లేదు.

ఫిలోమినా విశాఖపట్నంలో ఒక ప్రొఫెషనల్ జట్టుకు కోచ్. రింగు కింద నిలబడి ఎదుటివాళ్ల బంతులు ఆపేవాణ్ణి, తనవాళ్ల బంతులు వేసేవాణ్ణి ఆ ఆటలో సెంటర్ అంటారు. ఆవిడకు సెంటర్ కావాలి. నాగభూషణం కుర్రాడి ఫొటో పంపితే, ఉత్తరంలో చుట్టూ తిప్పకుండా రాసింది: “కుర్రాణ్ణి ఉగాదిలోపు తీసుకురండి. లీగ్ కొత్త రూలు ప్రకారం రాష్ట్ర క్రీడా సామర్థ్య నిర్ధారణ సంస్థ సర్టిఫికెట్ ఉండాలి. అది లేకపోతే దేవుడే సెంటర్‌గా వచ్చినా నేను తీసుకోలేను.”

మణిదీప్ తల్లి రాజ్యలక్ష్మి, నాగభూషణం చెల్లెలు, ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది.

“అన్నయ్యా, వీడు బస్సులో కూచోలేడు, మంచం మీద పడుకోలేడు, బజార్లో వీడికి చెప్పు దొరకదు. ఎక్కడికెళ్లినా తల దించుకునే నడుస్తాడు. వీడు నిటారుగా నిలబడే చోటు ఎక్కడో ఒకటుండే ఉంటుంది గదా! అదేదో చూపించు.”

దసరా వెళ్లిన మర్నాడు మామా అల్లుళ్లు సంస్థకు బయల్దేరారు. ఉగాదికి ఇంకా ఆరు నెలల టైముంది.

ఐదంతస్తుల అద్దాల మేడ. గేటు దగ్గరే కాపలావాడు మణిదీప్ చేతిలోని బంతి లాక్కుని, టోకెన్ ఇచ్చాడు. లోపల వరండాలో స్టోర్ కీపర్ మస్తాన్ ఎదురొచ్చాడు. వేలాల వల్ల నాగభూషణానికి పదేళ్ల పరిచయం.

“ఏంది సేటూ, వేలానికింకా చాలా టైముండాదే?”

“ఈసారి కొనడానికి రాలేదు మస్తానూ. చూపించడానికొచ్చాను.”

మస్తాన్ మణిదీప్‌ని కింది నుంచి పై దాకా చూశాడు. పై దాకా చూడటానికి టోపీ పట్టుకోవాల్సి వచ్చింది. “దీన్ని చూపిచ్చేదానికి వేరే సంస్థెందుకు సేటూ, కిటికీ దగ్గిర నిలబెడితే సాలదా?”

సంచాలకులు డాక్టర్ పరాంకుశం గారు పెద్ద గదిలో కూర్చుని ఉన్నారు. ఆయన మాట్లాడేటప్పుడు ప్రతి మాటా టైపు కొట్టించుకుని వచ్చినట్టు ఉండేది.

“మా సంస్థ దృక్పథం సమగ్రం, శాస్త్రీయం, వస్తునిష్ఠం,” అన్నారాయన.

“చాలా సంతోషమండీ. గ్రౌండు ఎటుంది?”

“గ్రౌండా?”

“కుర్రాడు ఆడి చూపిస్తాడు గదండీ.”

పరాంకుశం గారు జాలిగా నవ్వారు. “ఆట చూసి ఆటగాణ్ణి అంచనా వేయడం పాతకాలపు పద్ధతి. ప్రాంగణంలోకి బంతి వచ్చిందంటే అభిప్రాయాలు వస్తాయి. ఒకరు బాగా ఆడాడంటారు, మరొకరు లేదంటారు. అందువల్ల ఇక్కడ బంతి నిషిద్ధం. మా సర్టిఫికెట్‌లో పేరు కూడా ఉండదు. పేరు చూస్తే అభిమానం పుట్టే ప్రమాదం ఉంది. ఎత్తు, తీసుకొచ్చిన వారి వివరం, సామర్థ్య స్థాయి. అంతవరకే.”

నాగభూషణం తల ఊపాడు. తూకం వేయకుండా సరుకు కొనే ఆఫీసుల్ని ఆయన చూశాడు గానీ, సరుకును చూడటమే తప్పనే ఆఫీసు ఇదే మొదటిది.

సంస్థ ఫారంలో అరవై నాలుగు గడులున్నాయి. వాటిని నింపడానికి పది రోజులు పట్టింది. చిటికెన వేలి పొడవు, చెవి వెడల్పు, నిద్రలో ఏ పక్కకు తిరుగుతాడు, కళ్లు మూసుకుంటే ఎన్ని రంగులు గుర్తొస్తాయి. పంతొమ్మిదో గడి: ‘రైలు తప్పిపోతే ఎవరి మీద కోపం వస్తుంది?’

“నాకెప్పుడూ తప్పిపోలేదండీ,” అన్నాడు మణిదీప్. “ప్లాట్‌ఫారం మీద పరిగెడుతుంటే నన్ను చూసి గార్డే ఆపేస్తాడు.”

‘వాస్తవాన్ని ఎదుర్కోవడానికి నిరాకరణ’ అని రాసుకున్నారు.

ముప్ఫై ఒకటో గడి ఎత్తు. గోడకు బిగించిన కొలబద్ద ఆరడుగుల ఆరంగుళాల దగ్గర అయిపోయింది. మణిదీప్ తల దానికి పైన, ఖాళీ గోడ మీద ఉంది.

“ఆరూ ఆరు అని నమోదు చేద్దాం,” అన్నారు పరాంకుశం గారు.

“మరి మిగతా మూడంగుళాలండీ?”

“వాటిని సంస్థ గుర్తించదు.”

“గుర్తించకపోతే అవి ఎక్కడికి పోతాయండీ?”

“ఎక్కడికీ పోవు. దరఖాస్తుదారు వద్దనే ఉంటాయి.”

సరిగ్గా అప్పుడు నాగభూషణం జీవితంలో పెద్ద తప్పు చేశాడు. కొలబద్ద దగ్గరికి వెళ్లి, కళ్లజోడు పైకెత్తి, కింది నుంచి పై దాకా వేలితో తడిమాడు. కాటా కనపడితే ముద్ర ఉందా లేదా అని చూడటం ఆయన వేళ్లకు అలవాటు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు ఏటా ఆయన గోడౌనుకు వచ్చి కాటాకు ముద్ర వేసి వెళ్తాడు. ముద్ర లేకపోతే కేసే.

“దీనికి ముద్ర లేదేంటండీ!” అన్నాడు.

“ముద్ర అనగా?”

“తూనికలు కొలతల వాళ్ల ముద్రండీ. సంతలో వంకాయలమ్మే సుబ్బమ్మ తక్కెడకి కూడా ఉంటుంది.”

పరాంకుశం గారు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. ఆ కొలబద్ద మీద అప్పటికి నాలుగు వేల మందిని కొలిచి సర్టిఫికెట్లు ఇచ్చారు.

తన నోటి దురుసు ఎక్కడికి దారి తీస్తుందో నాగభూషణానికి తెలియలేదు. తెలిసుంటే ఆ మూడంగుళాలు అక్కడే వదిలేసి వచ్చేసేవాడు.

మూడో రోజున సంగతి తెలిసి ఇన్‌స్పెక్టరు వచ్చి, గోడ కొలబద్దకు లక్క సీలు వేసి, వాడరాదని రాసి వెళ్లబోయాడు. నాగభూషణం ఆయన్ని పట్టుకున్నాడు. కొలత జరిగినప్పుడు కాయితం పుచ్చుకోవడం ఆయనకు అలవాటు. “బాబ్బాబు, మీ దగ్గర సర్కారు కడ్డీ ఉంది గదా, మా వాణ్ణి ఒకసారి కొలిచి రాసివ్వండి.”

ఇన్‌స్పెక్టరు కొలిచాడు. ఆరడుగుల తొమ్మిదంగుళాలు. కాయితం మీద రాశాడు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆయన చేతికి కూడా ఒక అలవాటు ఉంది. కొలిచినదాని మీద ముద్ర వేయడం. మణిదీప్ మోచేతి కింద ఊదా రంగు సిరాతో, ఏడాది అంకెతో సహా, ఠపీమని వేసేశాడు.

దాంతో ఆ ఐదంతస్తుల మేడలో చట్టప్రకారం చెల్లే పొడుగు ఒకటే మిగిలింది. అది మణిదీప్.

సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. “ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, నూతన కొలబద్ద సరఫరా అగునంతవరకు, ముద్రాంకితుడైన సదరు అభ్యర్థిని సంస్థ యొక్క తాత్కాలిక నిలువు ప్రమాణముగా పరిగణించుచు, సకల కొలతలు అతనిని ఆధారము చేసుకొని జరుపవలెను.”

“కొత్త కొలబద్ద వారంలో వస్తుంది,” అన్నారు పరాంకుశం గారు. “రాగానే మీ వాడి మూల్యాంకనం పూర్తిచేసి సర్టిఫికెట్ ఇస్తాం. ఇది మా హామీ.”

వారమే కదా అని నాగభూషణం ఒప్పుకుని, వాళ్లు చూపించిన చోట సంతకం పెట్టాడు. మస్తాన్ స్టాకు రిజిస్టరు తెరిచి, నిట్టూర్చి రాశాడు. క్రమసంఖ్య 213: స్టాప్లర్, పెద్దది, ఒకటి. క్రమసంఖ్య 214: ప్రమాణం, నిలువు, ఒకటి.

మర్నాటి నుంచి అభ్యర్థులు ఒక్కొక్కరే వచ్చి మణిదీప్ పక్కన నిలబడేవాళ్లు. అతని బనీను మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీశారు. చెవి తమ్మె దాకా వస్తే ఆరడుగుల రెండు, భుజం దాకా వస్తే ఐదూ ఎనిమిది. కుడి చంక కింద ఉన్నవాళ్లను జిమ్నాస్టిక్స్‌కు పంపేవాళ్లు.

కొత్త కొలబద్దకు టెండరు పిలవాలంటే ముందు దాని నమూనాను ప్రమాణంతో సరిచూడాలి. ప్రమాణం రోజంతా అభ్యర్థులను కొలవడంలో ఉంది. కనుక టెండరు వాయిదా పడింది. నెల తిరిగింది.

“నా సర్టిఫికెట్ సార్?” అని అడిగాడు మణిదీప్.

“నిన్ను దేనితో కొలవాలి?” అన్నారు పరాంకుశం గారు నిజాయితీగా. “ప్రమాణాన్ని ప్రమాణంతోనే కొలవాలి. ప్రమాణం నువ్వే. నీ పక్కన నువ్వు నిలబడగలవా?”

మణిదీప్ కాసేపు ఆలోచించి, నిలబడలేనన్నాడు.

రూల్సు ఒక్కొక్కటే వచ్చాయి. ప్రమాణం పరిగెత్తరాదు, అరుగుతుంది. ప్రమాణం గెంతరాదు. మనిషి పొద్దున్న కాస్త పొడుగ్గా, సాయంత్రానికి కాస్త పొట్టిగా ఉంటాడని ఒక డాక్టరు చెప్పడంతో కొలతలన్నీ పొద్దున్న ఎనిమిదిలోపే ముగించి, మిగతా రోజంతా ప్రమాణాన్ని ఏసీ గదిలో పడుకోబెట్టారు. వీపున ‘జాగ్రత్త, ఇటు పైకి’ అని బాణం గుర్తుతో స్టిక్కరు అంటించారు. ప్రమాణాలకు భోజనం ఖర్చు పెట్టే వీల్లేదు. నిర్వహణ కింద నెలకు రెండు లీటర్ల కందెన నూనె మంజూరైంది. మస్తాన్ ఆ నూనె వీధి చివర సైకిలు షాపుకిచ్చి, బదులుగా ఇడ్లీలు తెచ్చి పెట్టేవాడు.

ప్రతి ఆదివారం నాగభూషణం క్యారేజీ పట్టుకుని వెళ్లేవాడు.

“ఒరే అల్లుడూ, ఇక చాల్లే, వచ్చెయ్,” అన్నాడు దీపావళి తర్వాత ఒకరోజు.

“పొద్దున్న గేటు దాకా వెళ్లాను మావయ్యా. స్టాకులో ఉన్నవాణ్ణట, గేట్ పాసు లేకుండా వెళ్తే ప్రభుత్వ ఆస్తి దొంగతనమట. నన్ను నేనే ఎత్తుకుపోయినట్టు కేసు రాస్తారట.”

“అలాగని ఎవడన్నాడు?”

“రూలు చూపించారు. కానుకగా వచ్చిన వస్తువుక్కూడా వర్తిస్తుందట. ఇచ్చింది నువ్వేనని సంతకం చూపించారు.”

నాగభూషణం క్యారేజీ మూత పెట్టేశాడు. ముప్ఫై ఏళ్లలో చదవకుండా పెట్టిన సంతకం అదొక్కటే.

“మావయ్యా, పడుకున్నప్పుడు పైకప్పుకేసి బంతి విసురుతున్నట్టు చెయ్యి ఆడిస్తుంటాను,” అన్నాడు మణిదీప్. “బంతి ఎంత బరువుండేదో మర్చిపోతున్నా.”

ఆ మాట నాగభూషణాన్ని తణుకు దాకా వదల్లేదు.

శివరాత్రి దాటాక సంస్థలో ఒక వింత జరిగింది. క్యాంటీను గుమ్మానికి మణిదీప్ తల ఠంగుమని తగిలింది. అంతకు ముందు నాలుగు నెలలూ వెంట్రుక వాసిలో తప్పించుకుని వెళ్లిన గుమ్మమే అది. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, రోజూ పదహారు గంటల పడక, మస్తాన్ ఇడ్లీలు. వాడు పెరిగాడు. పెద్దగా కాదు, అరంగుళం.

ఆ రోజు ఆదివారం కావడంతో నాగభూషణం అక్కడే ఉన్నాడు. పరుగున పరాంకుశం గారి ఇంటికి వెళ్లి చెప్పాడు. “వాడు పెరిగాడండీ! ఇక కొలతకు పనికిరాడు, వదిలెయ్యండి.”

పరాంకుశం గారికి ఆ ఆలోచనే అపచారంగా తోచింది. “ప్రమాణం పెరగడం అసాధ్యం. పెరిగితే అది ప్రమాణం కాదు. అది ప్రమాణమని ఆర్డరు ఉంది. కనుక పెరగలేదు. తల తగిలింది కనుక గుమ్మం దిగింది.”

ఇంజనీర్లు వచ్చారు. మేడ చుట్టూ గోతులు తవ్వి పునాది చూశారు. భవనం అరంగుళం కుంగినట్టు నివేదిక ఇచ్చి, కుంగడం ఎలా జరిగిందో తెలుసుకోవడానికి మరో కమిటీ అడిగారు. ఆ వారం కొలతకు వచ్చిన అభ్యర్థులంతా అంతకు ముందు కన్నా పొట్టిగా తేలారు. రాష్ట్ర యువత ఎత్తు తగ్గిపోతోందని సంస్థ ఆందోళన వెలిబుచ్చింది. పాఠశాలల్లో వేలాడే బార్లు పెట్టమని సిఫారసు చేసింది. చివరికి మణిదీప్‌ని వ్యానులో పడుకోబెట్టి ఊరూరా తిప్పి, బాస్కెట్‌బాల్ రింగుల ఎత్తు సరిచూశారు. ప్రతి రింగూ అరంగుళం కిందికే ఉంది. అన్నీ పైకెత్తించమని ఉత్తర్వు పోయింది.

ఆ ప్రయాణంలో పదకొండు గ్రౌండ్లలో రింగు కింద నిలబెట్టారు వాణ్ణి. ఒక్క చోటా బంతి ముట్టుకోనివ్వలేదు.

మర్నాడే నాగభూషణం ఫోను మోగింది.

“ఎవరండీ నా రింగు పైకెత్తింది?” ఫిలోమినా గొంతు. “మావాళ్లు పొద్దున్న నుంచి వేసిన బంతి వేసినట్టు ఇనపకడ్డీకి కొట్టుకుని తిరిగొస్తోంది! మీ వాడేంటి, రింగు కింద గుంజలా నిలబడి వెళ్లిపోయాడు, నన్ను చూసి కళ్లు కూడా ఆర్పలేదు!”

“కళ్లార్పితే కొలత తప్పుతుందని చెప్పారటండీ.”

“అయ్యా, ఉగాదికి ఇరవై రోజులుంది. వస్తాడా, వేరే వాణ్ణి చూసుకోనా?”

“వస్తాడమ్మా,” అన్నాడు నాగభూషణం. ఎలాగో ఆయనకే తెలియదు.

ఆ సాయంత్రం మస్తాన్‌తో టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు.

“మస్తానూ, నీ రిజిస్టరులోంచి ఒక వస్తువు బయటికి రావాలంటే ఎన్ని దారులు?”

మస్తాన్ టీ ఊదుకున్నాడు. “ఒకటే దారి సేటూ. కండెమ్ అవ్వాల. పనికిరాదని కమిటీ రాయాల. ఆనక వేలం. పాట పాడినోడు తీస్కపోతాడు. ఇది నాకాడ అడగాల్నా? ముప్పై ఏండ్లుగా నువు బతికేదే దాని మింద గదా!”

నాగభూషణం గ్లాసు కింద పెట్టాడు. ఐదు నెలలుగా తాను ఈ ఆఫీసుకు మామయ్యలా వస్తున్నాడు. వ్యాపారిలా ఒక్కరోజు కూడా రాలేదు.

“వేలం ఎప్పుడు?”

“పన్నెండో తారీకున.”

“నిలువు ప్రమాణం దేనివల్ల పనికిరాకుండా పోతుంది?”

“ఇంకేముండాది,” అన్నాడు మస్తాన్, “వంగితే.”

మర్నాడు నాగభూషణం మేనల్లుడి చెవిలో చెప్పాడు. “ఒరే, మన గోడౌను గుమ్మంలోంచి లోపలికెలా వస్తావు?”

“మెడ వంచి, నడుం వంచి, మోకాళ్లు కొంచెం మడిచి వస్తాను.”

“రేపట్నుంచి అలాగే నిలబడు. నువ్వు మీ ఇంట్లో ఉన్నావనుకో, అంతే.”

మణిదీప్‌కు అది చాలా సులువైంది. ఊహ తెలిసినప్పటి నుంచి వాడు నిలబడ్డది అలాగే. రెండు రోజుల్లో రాష్ట్ర యువత ఎత్తు మూడంగుళాలు పెరిగింది. గుర్రపు స్వారీకి ఎంపికైన ఒక పొట్టివాణ్ణి వాలీబాల్‌కు మార్చారు. మూడో రోజు మస్తాన్ రిపోర్టు పెట్టాడు: ‘క్రమసంఖ్య 214 వంగినది.’

కమిటీ కూర్చుంది. పరాంకుశం గారు మణిదీప్ చుట్టూ మూడుసార్లు తిరిగారు.

“నిటారుగా నిలబడగలవా?”

“ఇక్కడ నిలబడలేకపోతున్నాను సార్,” అన్నాడు మణిదీప్. అది అబద్ధం కాదు.

“మరమ్మతుకు అవకాశం?”

సలహా కోసం పాత సామాన్ల నిపుణుడిగా నాగభూషణాన్నే పిలిచారు. ఆయన మేనల్లుడి వీపు మీద వేలితో రెండుసార్లు కొట్టి, చెవి పెట్టి విన్నాడు. పెదవి విరిచాడు. “ఇలాంటివి వంగితే మళ్లీ కొట్టి సాపు చేయలేమండీ. చేసినా అంగుళం అటో ఇటో అవుతుంది. మీ పేరు పోతుంది.”

సంస్థ పేరు అనగానే పరాంకుశం గారు సంతకం పెట్టేశారు.

పన్నెండో తారీకున వేలం. ఏడో లాటు: విరిగిన కుర్చీలు పదకొండు, పాత సైక్లోస్టైల్ మిషన్లు రెండు, వాటర్ కూలర్ ఒకటి, నిలువు ప్రమాణం ఒకటి. అన్నీ వరుసగా పెట్టారు. మణిదీప్ కూలర్ పక్కన, మెడలో చీటీతో నిలబడ్డాడు. భీమవరం నుంచి వచ్చిన సత్తిరాజు అనే వ్యాపారి కుర్చీలు తిరగేసి చూస్తూ అడిగాడు.

“ఈ పొడుగాటి కుర్రోడెవరండీ, కూలీయా?”

“కాదు. లాటులో ఉన్నాడు,” అన్నాడు మస్తాన్.

సత్తిరాజు ఒకసారి మణిదీప్‌ని, ఒకసారి కుర్చీల్ని చూశాడు. “నాక్కుర్చీలు చాలండి. ఇతన్ని పెట్టుకోడానికి నాకు షెడ్డు లేదు. విడిగా ఇస్తారా?”

“లాటు లాటే.”

అయినా కుర్చీల మీద ఆశ కొద్దీ సత్తిరాజు పాట పెంచుతూ పోయాడు. నాగభూషణం నుదుట చెమట పట్టింది. ముప్ఫై ఏళ్లలో ఏ పాటలోనూ ఆయన ముఖం మారలేదు. ఈసారి మారింది. అది సత్తిరాజు చూశాడు. కుర్చీల్లో ఏదో విశేషం ఉందనుకుని ఇంకో రెండు మెట్లు పైకి పాడాడు. అప్పుడు మణిదీప్, ఎవరూ చెప్పకుండానే, పెద్దగా తుమ్మి, పక్కనున్న కూలర్ మీద చెయ్యి వేశాడు. కూలర్ కాలు విరిగి కుర్చీల మీద పడింది. సత్తిరాజు దండం పెట్టి పక్కకు జరిగాడు.

లాటు నాగభూషణానికి కొట్టేశారు.

తీసుకెళ్లేముందు అన్నీ కాటా వేయాలి. మణిదీప్ తొంభై ఆరు కిలోలు తూగాడు. ఇనుము కింద రాయాలా, కర్ర కింద రాయాలా అని గంటసేపు చర్చ జరిగి, ‘మిశ్రమ సామగ్రి’ అని గేట్ పాసు రాశారు. ట్రాలీ ఆటోలో కుర్చీలు, మిషన్లు, కూలర్, వాటి మీద మణిదీప్. కాళ్లు వెనక నుంచి బారెడు బయటికొచ్చాయి. ఊచలు తీసుకెళ్లేటప్పుడు కట్టినట్టు డ్రైవరు అలవాటు కొద్దీ వాడి పాదానికి ఎర్ర గుడ్డ కట్టాడు. గేటు దగ్గర మణిదీప్ టోకెన్ ఇచ్చి, తన బంతి తీసుకున్నాడు. దారంతా దాన్ని పొట్ట మీద పెట్టుకుని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు.

సరుకు బయటపడింది గానీ సర్టిఫికెట్ రాలేదు. ఉగాదికి ఎనిమిది రోజులుంది. అయినా నాగభూషణం ఆ రాత్రి నిద్ర చెడగొట్టుకోలేదు. సంస్థ దగ్గర ఇప్పుడు ప్రమాణం లేదని, నాలుగు రోజుల్లో ఒకటి కావాల్సి వస్తుందని ఆయనకు తెలుసు. రెండు రోజులకే పరాంకుశం గారు కొత్త ప్రమాణం కావాలని కబురు పెట్టారు.

అప్పటికే గోడౌనులో ఒక ఇనప గొట్టం సిద్ధంగా ఉంది. మేనల్లుణ్ణి దాని పక్కన నిటారుగా నిలబెట్టి, సరిగ్గా వాడి నడినెత్తి దగ్గర కోయించాడు. ఆరడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు. ఇన్‌స్పెక్టరు చేత ముద్ర వేయించాడు. ఆటోలో వేసుకుని వెళ్లాడు.

“పాతదానికన్నా అరంగుళం ఎక్కువే ఉంది!” అన్నారు పరాంకుశం గారు ముచ్చటపడి. “ఇదీ ప్రగతి.”

“తమరు ఒక్కటి ఆలోచించండి,” అన్నాడు నాగభూషణం. “పోయినసారి మూల్యాంకనం పూర్తి చేయకుండానే స్టాకులోకి తీసుకున్నారు. అందుకే వంగింది. ఈసారి ముందు అరవై నాలుగు గడులూ నింపి, సర్టిఫికెట్ ఇచ్చి, ఆ తర్వాత తీసుకోండి. ఒక ప్రతి తెచ్చినవాడిగా నాకిప్పించండి.”

పరాంకుశం గారు ఆయన వంక గౌరవంగా చూశారు. “మీలో శాస్త్రీయ దృష్టి ఉన్నదండీ.”

కుర్రాడికి పది రోజులు పట్టిన పని గొట్టానికి మూడు రోజుల్లో అయిపోయింది. దాని దగ్గర ఎదురు ప్రశ్నలు లేవు. రైలు తప్పిపోతే ఎవరి మీద కోపం వస్తుందన్నదానికి సమాధానం రాలేదు కనుక ‘భావోద్వేగ నియంత్రణ: అత్యుత్తమం’ అని రాశారు. పేరు లేని సర్టిఫికెట్ వచ్చింది. ఎత్తు ఆరడుగుల తొమ్మిదిన్నర. తీసుకొచ్చినవారు గ్రంధి నాగభూషణం, తణుకు. సామర్థ్య స్థాయి: సంస్థ చరిత్రలోకెల్లా ప్రథమం.

ఉగాది ముందు రోజు పొద్దున్న మామా అల్లుళ్లు విశాఖపట్నంలో దిగారు. ఫిలోమినా ఐదడుగుల మనిషి, మెడలో విజిల్.

“ఎంతుంటాడు?” అంది.

“మా గోడౌను గుమ్మం దాటాలంటే వంగాలమ్మా.”

“చాల్లెండి,” అని కుర్రాడి మీదికి బంతి విసిరింది.

ఆరు నెలలుగా ఆట లేని చేతులు. మొదటి బంతి ముక్కుకు తగిలింది. రెండోది వేళ్లలోంచి జారింది. మూడోది పట్టుకున్నాడు. అప్పుడావిడ ముగ్గురు సీనియర్లను పిలిచి, “తొయ్యండి వాణ్ణి,” అంది. ముగ్గురూ భుజాలు వేసి తోశారు. మణిదీప్ కదల్లేదు. ఇంకోడు వచ్చి కలిశాడు. అయినా కదల్లేదు. బంతిని నెత్తి మీద పట్టుకుని అటూ ఇటూ చూసి, రింగులోకి జారవిడిచాడు.

మొత్తం నాలుగు నిమిషాలు.

“చేతులు తుప్పు పట్టాయి, నెలలో వదులుతుంది,” అంది ఫిలోమినా. “పదేళ్ల నుంచి చూస్తున్నా, రింగు కింద ఇలా నిలబడేవాణ్ణి చూళ్లేదు. ఈ నిలబడటం ఎవరు నేర్పారండీ వీడికి?”

“ప్రభుత్వం వారమ్మా,” అన్నాడు నాగభూషణం.

టిఫిను దగ్గర ఆవిడ సర్టిఫికెట్ తీసుకుని చదివింది. ‘ఒత్తిడికి చలించదు. తుప్పు నిరోధక పూత కలదు. ఆహారము అనవసరం.’ తలెత్తి చూస్తే మణిదీప్ జట్టు మెస్సులో పన్నెండో ఇడ్లీ మీద ఉన్నాడు.

“ఈ ఆఖరి ముక్క తప్పుపడ్డట్టుంది,” అని ఫైల్లో పెట్టేసింది.

రెండు నెలల తర్వాత తణుకుకు సంస్థ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అత్యున్నత సామర్థ్యం కనపరిచినందున నాగభూషణం తీసుకొచ్చిన అభ్యర్థి రాష్ట్ర జట్టు శిబిరానికి నేరుగా ఎంపికైనట్టు, స్టోర్సు గదిలోనే అందుబాటులో ఉన్నందున ప్రయాణ ఖర్చులు మంజూరు కానట్టు తెలియజేస్తూ, బూట్ల సైజు కోరారు. నాగభూషణం గొట్టం కోయగా మిగిలిన ముక్కను టేపు పెట్టి కొలిచి, ‘రెండంగుళాలు, గుండ్రం’ అని జవాబు రాశాడు.

ఆ ఆదివారం ఆయన గోడౌనులో కూర్చుని లెక్క చూసుకున్నాడు. చేతిలో ఉన్నవి: కుర్చీలు పదకొండు, వాటిలో బాగుచేస్తే నిలిచేవి నాలుగు. సైక్లోస్టైల్ మిషన్లు రెండు, కొనేవాడు ఇంకా పుట్టలేదు. కాలు విరిగిన కూలర్ ఒకటి. చదవకుండా సంతకం పెట్టకూడదన్న బుద్ధి ఒకటి, ఒక్క సంతకం ఆలస్యంగా. మేనల్లుడు చేతిలో లేడు. బోడి బంతి కూడా లేదు, వాడే పట్టుకుపోయాడు. చెల్లెలి దగ్గర ఒక ఫొటో ఉంది. రింగు కింద వాడు, తల పైకెత్తి, వీపు నిటారుగా. రాజ్యలక్ష్మి దాన్ని గోడకు పెట్టాలంటే నిలువు చాలక, ఫ్రేము ప్రత్యేకంగా చేయించింది.

లెక్క సరిపోయింది. నాగభూషణం లేచి, పై అరలో ఉన్న టేబుల్ ఫ్యాను కోసం చెయ్యి చాపాడు. అందలేదు.

మర్నాడు వెళ్లి నిచ్చెన ఒకటి కొనుక్కొచ్చుకున్నాడు.